ఔషధ మొక్కలో యాంటీఆక్సిడెంట్, వాపు తగ్గించే గుణాలను ల్యాబ్‌లో పరీక్షించడం ఎలా? ప్రాజెక్టు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఔషధ మొక్కల మీద ప్రాజెక్టు అనగానే చాలామంది ఎంచుకునేవి రెండే: యాంటీఆక్సిడెంట్ గుణం, వాపు తగ్గించే గుణం. ఖర్చు తక్కువ, రంగు మారడం కంటికి కనిపిస్తుంది, రిజల్టు దాదాపు ప్రతిసారీ వస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఏ ఆకు తెచ్చి పరీక్షించినా ఎంతో కొంత యాక్టివిటీ కనిపిస్తుంది, ఎందుకంటే ఈ యాక్టివిటీ చూపే ఫినాలిక్ పదార్థాలు లేని ఆకంటూ దాదాపు ఉండదు. కాబట్టి గుణం ఉందా లేదా అని అడిగి లాభం లేదు. ఎంత ఉంది, దేనితో పోలిస్తే అంత ఉంది, వచ్చిన అంకెను నమ్మవచ్చా అని అడగాలి. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఆ చివరి ప్రశ్నకే ఇచ్చాను.

ఈ రెండు గుణాలకూ సంబంధం లేకపోలేదు. గాయమైన చోటికి, క్రిములు చేరిన చోటికి తెల్ల రక్తకణాలు వచ్చి సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి వదులుతాయి. అవి మోతాదు మించితే సొంత కణాలే దెబ్బతింటాయి. కణం లోపల ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ చురుకై టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6, కాక్స్-2 లాంటి వాపు కలిగించే ప్రోటీన్ల తయారీని పెంచుతుంది, వాపు ముదురుతుంది. అయినా టెస్ట్‌ట్యూబులో ఫ్రీ రాడికల్‌ని (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువుని) అణచిన పదార్థం ఒంట్లో వాపు తగ్గించి తీరుతుందని లెక్క ఏమీ లేదు. దేనికది విడిగా పరీక్షించాల్సిందే.

1. మొక్క కంటే ముందు ప్రశ్న

"ఫలానా మొక్క యాంటీఆక్సిడెంట్ గుణాలు" అనేది టాపిక్ మాత్రమే, ప్రశ్న కాదు. ప్రశ్న అంటే ఇలా ఉండాలి: ఈ మొక్క లేత ఆకులో ఎక్కువా, ముదురు ఆకులోనా? నీడలో ఎండబెడితే ఎంత మిగులుతుంది, ఓవెన్‌లో పెడితే ఎంత పోతుంది? జనం కాచి తాగే కషాయంలోకి ఆ పదార్థాలు దిగుతున్నాయా, లేక మిథనాల్‌లోకే దిగుతున్నాయా? ఇలాంటి పోలిక ఒక్కటున్నా చాలు, మీ అంకెలకు అర్థం వస్తుంది.

తర్వాత మొక్క గుర్తింపు. వాడుక పేరును నమ్ముకుని సేకరించడం ప్రమాదం. నేల ఉసిరి అనే పేరు ఫిల్లాంథస్ అమారస్‌కే కాదు, దాన్ని పోలిన మరికొన్ని ఫిల్లాంథస్ జాతులకు కూడా ఉంది. గలిజేరు అంటే కొందరు ట్రయాంథిమాని చూపిస్తారు, ఇంకొందరు బోర్హావియాని చూపిస్తారు. పూత, కాయ ఉన్న కొమ్మను కోసి, ప్రెస్‌లో ఆరబెట్టి, హెర్బేరియం షీటు చేసి, వృక్షశాస్త్ర నిపుణుడితో గుర్తింపు రాయించుకుని, ఆ షీటు నంబరు దగ్గర పెట్టుకోండి. పొడి కొట్టేశాక ఏది ఏ మొక్కో ఎవరూ చెప్పలేరు. సేకరించిన చోటు, తేదీ, మొక్కలోని భాగం, అది పూత దశలో ఉందా లేదా అన్నవి కూడా అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో ఎక్కించాలి.

2. ఎండబెట్టడం, పొడి చేయడం

నీళ్లతో కడిగి, పల్చగా పరిచి, గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. ఓవెన్ వాడితే 40 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి. కుప్పగా పోస్తే లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది, ఎంజైములు ఫినాలిక్ పదార్థాలను తినేస్తాయి, ఆకు నల్లబడుతుంది. అలా నల్లబడిన ఆకును పక్కన పెట్టేయండి. ఆకు చేత్తో నలిపితే పెళపెళ విరగాలి. మిక్సీ పట్టేటప్పుడు ఆపి ఆపి తిప్పండి, లేకపోతే పొడి వేడెక్కుతుంది. జల్లించి, గాలి చొరని డబ్బాలో వెలుతురు తగలకుండా దాచండి.

3. సారం తీయడం

జనం నీళ్లలో మరగబెట్టి వాడే మొక్కకు, నీళ్లతో కలవని హెక్సేన్ అనే ద్రావణితో సారం తీసి, "సంప్రదాయ వాడకానికి శాస్త్రీయ ఆధారం దొరికింది" అని రాస్తుంటారు. ఈ వాక్యం చూస్తే నాకు చిరాకు. సంప్రదాయ వాడకాన్ని పరీక్షించాలంటే ఒక సారమైనా ఆ పద్ధతిలోనే తీయాలి. దాని పక్కన పోలికకు మిథనాల్, నీళ్ల మిశ్రమంతో ఇంకొకటి తీయండి. ఫినాలిక్ పదార్థాలు ఉత్త మిథనాల్‌లో కంటే 70 నుంచి 80 శాతం మిథనాల్‌లో సాధారణంగా బాగా దిగుతాయి.

10 గ్రాముల పొడికి 100 మి.లీ. ద్రావణి పోసి, మూత బిగించి, షేకర్ మీద 24 గంటలు ఉంచండి. వాట్‌మన్ నంబర్ 1 కాగితంతో వడకట్టండి. మిగిలిన పిప్పికి మళ్లీ ద్రావణి పోసి ఇంకో రెండుసార్లు తీసి, మూడింటినీ కలిపేయండి. రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర మిథనాల్ తీసేసి, మిగిలిన నీటిని ఫ్రీజ్ డ్రయర్‌లో ఆరనివ్వండి. సాక్స్‌లెట్ అనే పరికరం వాడితే పని త్వరగా అవుతుంది గానీ సారం గంటల తరబడి వేడిలో ఉంటుంది. వేడికి తట్టుకోని పదార్థాల కోసం చూస్తుంటే అది వద్దు.

వచ్చిన సారాన్ని తూచి శాతంలో రాయండి. 10 గ్రాముల పొడికి 1.4 గ్రాములు వస్తే 14 శాతం. ఈ అంకె లేకపోతే మీ రిజల్టును తిరిగి ఎండుటాకు లెక్కలోకి మార్చలేం. సారం తక్కువ గాఢతలోనే పనిచేసినా, ఆకు నుంచి వచ్చింది అర శాతమే అయితే ఆ ఆకు గొప్పదేమీ కాదు.

మిథనాల్ విషం. పని అంతా ఫ్యూమ్ హుడ్‌లో జరగాలి. ల్యాబ్‌లో తీసిన సారాన్ని, అది ఎంత మంచి మొక్కదైనా సరే, ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు.

4. మొత్తం ఫినాలిక్స్

ఇది త్వరగా అయిపోయే పని. 0.5 మి.లీ. సారానికి, పది రెట్లు పల్చన చేసిన ఫోలిన్-సియోకాల్టు రీఏజెంట్ 2.5 మి.లీ. కలిపి, కొన్ని నిమిషాలాగి 7.5 శాతం సోడియం కార్బొనేట్ 2 మి.లీ. పోయండి. అరగంట నుంచి రెండు గంటల మధ్య ఒకే సమయాన్ని అన్ని ట్యూబులకూ పాటించి, ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 765 నానోమీటర్ల దగ్గర చూడండి. గ్యాలిక్ ఆమ్లంతో గీసిన గ్రాఫు నుంచి, గ్రాము సారానికి ఎన్ని మిల్లీగ్రాముల గ్యాలిక్ ఆమ్లానికి సమానమో లెక్క కట్టండి. ఈ నీలిరంగు ఫినాలిక్స్‌కే కాదు, విటమిన్-సికి, కొన్ని చక్కెరలకు కూడా వస్తుంది. పండ్ల సారం మీద పనిచేసేవాళ్లు ఇది మర్చిపోకూడదు.

5. డీపీపీహెచ్ పరీక్ష: ఆగి, చూసి చేయాల్సింది ఇక్కడే

డీపీపీహెచ్ ఊదారంగులో ఉండే స్థిరమైన ఫ్రీ రాడికల్. దానికి హైడ్రోజన్‌నో ఎలక్ట్రాన్‌నో ఇచ్చే పదార్థం దొరికితే పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ మార్పును 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. బ్లాయిస్ 1958లో ప్రకటించిన ఈ పద్ధతి ఇప్పటికీ ఇంత వాడుకలో ఉందంటే కారణం అది తేలిక కావడమే. తేలిక కాబట్టే తప్పులు కూడా తేలిగ్గా దొర్లుతాయి.

ముందు ద్రావణం. దీని అణుభారం 394.3. చాలామంది 3.94 మిల్లీగ్రాములు తూచి 100 మి.లీ. మిథనాల్‌లో కలిపి 0.1 మిల్లీమోలార్ అంటారు. లెక్క సరైనదే గానీ, అంత కొంచెం తూచడంలో మామూలు బ్యాలెన్స్ తడబడుతుంది. దానికంటే 19.7 మిల్లీగ్రాములు తూచి 50 మి.లీ. చేసి, ఆ ఒక మిల్లీమోలార్ ద్రావణాన్ని పది రెట్లు పల్చన చేసుకోవడం మేలు. ఫ్లాస్కుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఏ రోజుది ఆ రోజే వాడేయండి.

సారం 10 మిల్లీగ్రాములు తూచి 10 మి.లీ. మిథనాల్‌లో కరిగిస్తే మి.లీ.కి 1000 మైక్రోగ్రాముల స్టాక్ వస్తుంది. దాని నుంచి 10, 20, 40, 80, 160, 320 ఇలా రెట్టింపు వరసలో పల్చన ద్రావణాలు చేసుకోండి. నీటి సారమైతే మిథనాల్ తగలగానే అందులోని చక్కెర గొలుసులు, ప్రోటీన్లు తెల్లగా తేలి ద్రావణం మసకబారవచ్చు. అప్పుడు రీడింగ్‌కు ముందు సెంట్రిఫ్యూజ్ చేయాలి. అసలు డీపీపీహెచ్ నీళ్లలో కరగదు కాబట్టి ట్యూబులో నీటి పాలు సగం దాటకుండా చూసుకోండి.

ఇక ట్యూబులు. కంట్రోల్‌లో 3 మి.లీ. డీపీపీహెచ్, 1 మి.లీ. మిథనాల్. పరీక్ష ట్యూబులో 3 మి.లీ. డీపీపీహెచ్, 1 మి.లీ. సారం. మూడోది చాలామంది వదిలేసేది: 3 మి.లీ. మిథనాల్, 1 మి.లీ. సారం. దీన్ని శాంపిల్ బ్లాంక్ అంటాం. ఆకు సారానికి సొంత రంగు ఉంటుంది, అది కూడా 517 దగ్గర కొంత కాంతిని పీల్చుకుంటుంది. ప్రతి గాఢతకూ ఒక బ్లాంక్ విడిగా పెట్టాలి. అన్నింటినీ కలియబెట్టి, చీకట్లో 30 నిమిషాలు ఉంచి చదవండి.

ఆ మూడో ట్యూబు ఎందుకో ఒక లెక్కలో చూద్దాం. ఉదాహరణకు కంట్రోల్ రీడింగ్ 0.840, సారం కలిపిన ట్యూబు 0.452, దాని బ్లాంక్ 0.062 అనుకోండి. బ్లాంక్ పట్టించుకోకపోతే అణచివేత 0.840 లోంచి 0.452 తీసి, 0.840తో భాగిస్తే 46.2 శాతం. బ్లాంక్ తీసేస్తే అసలు రీడింగ్ 0.390, అణచివేత 53.6 శాతం. ట్యూబు అదే, సారం అదే. ఒక లెక్కలో సగం దాటలేదు, ఇంకో లెక్కలో దాటింది. సగం అణచడానికి కావాల్సిన గాఢతనే ఐసీ50 అంటాం కాబట్టి, ఈ ఒక్క ట్యూబు బద్ధకంతో మీ ముఖ్యమైన అంకె మొత్తం మారిపోతుంది.

రెండో గందరగోళం గాఢతది. మీరు పోసిన ద్రావణం మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. కానీ అది 4 మి.లీ.లో కలిశాక 20 మాత్రమే. రిపోర్టులో రాసేది ఏది? రెండింటికీ నాలుగు రెట్ల తేడా ఉంది. ట్యూబులోని చివరి గాఢతనే రాయండి, ఆ సంగతి పద్ధతుల విభాగంలో స్పష్టంగా చెప్పండి.

మూడోది విటమిన్-సితో సరిచూసుకోవడం. స్టాండర్డ్‌గా దాన్ని అందరూ పెడతారు, పక్కన బార్ గీసి వదిలేస్తారు. దానితో మీ పరీక్ష మొత్తాన్ని పట్టి చూడవచ్చు. విటమిన్-సి అణువు ఒకటి రెండు డీపీపీహెచ్ అణువుల్ని అణచగలదు. పై కొలతల్లో ట్యూబులో డీపీపీహెచ్ 0.075 మిల్లీమోలార్. అందులో సగం 0.0375. దాన్ని అణచడానికి కావాల్సిన విటమిన్-సి అందులో సగం, అంటే 0.01875 మిల్లీమోలార్. దాని అణుభారం 176తో గుణిస్తే మి.లీ.కి 3.3 మైక్రోగ్రాములు. మీకు వచ్చిన ఐసీ50 ఈ చుట్టుపక్కల, కాస్త పైన ఉంటే పద్ధతి సవ్యంగా నడిచినట్టే. 30 వచ్చిందా? విటమిన్-సి ద్రావణం నిలవ ఉండి పాడై ఉంటుంది, లేదా పల్చన చేయడంలో పొరపాటు జరిగి ఉంటుంది. 1 వచ్చిందా? రసాయనశాస్త్రం ప్రకారం అది కుదరదు, లెక్క మళ్లీ వేయండి.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతోంది. డీపీపీహెచ్ రెట్టింపు వాడితే ఐసీ50 కూడా రెట్టింపు అవుతుంది. అందుకే వేరే పేపర్లోని అంకెను తెచ్చి "మా మొక్క దానికంటే మెరుగు" అనడం చెల్లదు. ఇద్దరూ ఒకే మోతాదు వాడి ఉండాలి, లేదా పోలికను మీ ల్యాబ్‌లోనే, అదే రోజు, అదే సీసా డీపీపీహెచ్‌తో చేసి ఉండాలి.

సమయం గురించి ఒక మాట. విటమిన్-సి నిమిషం లోపే పని ముగిస్తుంది. టానిన్ల లాంటి పెద్ద అణువులు మెల్లగా పనిచేస్తాయి. ఒక ట్యూబును ప్రతి ఐదు నిమిషాలకూ చదివి, రీడింగ్ ఎప్పుడు నిలబడుతుందో ముందే చూసుకుంటే 30 నిమిషాలు సరిపోతాయో లేదో తెలిసిపోతుంది.

ఐసీ50ని గ్రాఫులోంచి తీసేటప్పుడు 50 శాతానికి అటూ ఇటూ మీ పాయింట్లు ఉండాలి. అత్యధిక గాఢతలో 38 శాతమే వస్తే గీతను ముందుకు సాగదీసి అంకె చెప్పకండి, "పరీక్షించిన గాఢతల్లో సగం రాలేదు" అని రాయండి. ఒకే ట్యూబును మూడుసార్లు చదివితే అది మూడు ప్రయోగాలు కాదు. పొడి నుంచి మొదలుపెట్టి సారాన్ని మూడుసార్లు విడిగా తీసి చేస్తేనే సగటు పక్కన రాసే ప్లస్-మైనస్‌కు విలువ.

6. రెండో యాంటీఆక్సిడెంట్ పద్ధతి

ఒక్క పరీక్షతో ఆగకూడదు. నా ఓటు ఏబీటీఎస్ అనే ఇంకో రాడికల్‌తో చేసే పరీక్షకి. 7 మిల్లీమోలార్ ఏబీటీఎస్‌లో పొటాషియం పర్సల్ఫేట్ చివరి గాఢత 2.45 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి, చీకట్లో 12 నుంచి 16 గంటలు ఉంచితే నీలి-ఆకుపచ్చ రంగు వస్తుంది. 734 నానోమీటర్ల దగ్గర 0.70 వచ్చేలా పల్చన చేసి వాడండి. ఆకు రంగులు అక్కడ పెద్దగా అడ్డురావు, నీటి సారాలకూ పనికొస్తుంది. ఈ రెండు పరీక్షల్లో మొక్కల వరస తారుమారైతే కంగారు పడకండి, చర్చలో రాయడానికి సరుకు దొరికినట్టే.

7. వాపు తగ్గించే గుణం: టెస్ట్‌ట్యూబు పరీక్షలు

విద్యార్థి ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించేది అల్బుమిన్ పరీక్ష. గుడ్డు తెల్లసొన గానీ ఒక శాతం బోవైన్ (ఆవు) అల్బుమిన్ గానీ సారంతో కలిపి, 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, తర్వాత 70 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడి చేసి, చల్లారాక మసకను 660 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ప్రోటీన్ గడ్డకట్టడాన్ని సారం ఎంత ఆపితే మసక అంత తగ్గుతుంది. పక్కన స్టాండర్డ్‌గా డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పెడతారు.

నిజం చెప్పాలంటే ఇది చాలా బలహీనమైన పరీక్ష. ఆస్పిరిన్ లాంటి మందులు, వాపు, నొప్పి కలిగించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకోవడం వల్ల పనిచేస్తాయని జాన్ వేన్ 1971లో చూపించారు, ఆ రంగంలో కృషికి 1982లో నోబెల్ పంచుకున్నారు. డైక్లోఫెనాక్ దారి కూడా అదే. ఈ ట్యూబులో ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే కాక్స్ ఎంజైమే లేదు. పైగా కరక్కాయ, ఉసిరి లాంటి టానిన్లు నిండిన సారాలు వేడితో పని లేకుండానే ప్రోటీన్‌ను పట్టి గడ్డకట్టిస్తాయి. మసక పెరుగుతుంది, గుణం లేదని తప్పుగా తేలుతుంది. సారం పుల్లగా ఉంటే పీహెచ్ మారి ఇంకో తేడా వస్తుంది. చేయాల్సి వస్తే పీహెచ్ సరిచేయండి, వేడి చేయని ట్యూబు ఒకటి పక్కన పెట్టండి, దీన్ని మొదటి వడపోతగానే చెప్పండి.

ఎర్ర రక్తకణాల పొర నిలకడ పరీక్ష దీనికంటే కాస్త నయం. ఉప్పు తక్కువున్న ద్రావణంలో గానీ 56 డిగ్రీల వేడిలో గానీ కణాలు పగిలి హీమోగ్లోబిన్ బయటికొస్తుంది. సారం దాన్ని ఎంత ఆపిందో 560 నానోమీటర్ల దగ్గర చూస్తారు. రక్తం ఇచ్చినవాళ్లు రెండు వారాలుగా నొప్పి మాత్రలు వేసుకుని ఉండకూడదు, ఎథిక్స్ అనుమతి కావాలి. కుంకుడు లాంటి, నురగ తెప్పించే సాపోనిన్లున్న మొక్క అయితే సారమే కణాల్ని పగలగొడుతుంది. అలాంటి మొక్కకు ఈ పరీక్ష పెట్టకండి.

8. కణాల మీద పరీక్ష

సెల్ కల్చర్ సదుపాయం ఉంటే అసలు సమాధానం ఇక్కడ మొదలవుతుంది. రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ (ఒక రకం తెల్ల రక్తకణం) కణాలకు ముందు సారం ఇచ్చి, తర్వాత వాటిని రెచ్చగొట్టడానికి బ్యాక్టీరియా పొరలో ఉండే ఎల్‌పీఎస్‌ను మి.లీ.కి ఒక మైక్రోగ్రాము చొప్పున ఇచ్చి 24 గంటలు ఉంచుతారు. అవి వదిలిన నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రైట్ రూపంలో గ్రీస్ రీఏజెంట్‌తో 540 దగ్గర కొలుస్తారు. వీలైతే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6లను ఎలైజా అనే యాంటీబాడీ పరీక్షతో చూస్తారు.

ఇక్కడ చూసుకోవాల్సింది ముందుగా కణాలు బతికున్నాయా అని. చచ్చిన కణం నైట్రిక్ ఆక్సైడ్ చేయదు, గ్రాఫు మాత్రం అద్భుతంగా కనిపిస్తుంది. బతికున్నాయని చూపడానికి, బతికున్న కణాల్లో రంగు మారే ఎంటీటీ అనే పదార్థం పెడతారు కదా, యాంటీఆక్సిడెంట్ సారాలు ఆ ఎంటీటీ రంగును కణాలు లేకుండానే మార్చగలవు. కాబట్టి కల్చర్ ప్లేటులో కణాలు లేని బావుల్లో (గుంటల్లో) సారం, ఎంటీటీ కలిపి ఒక కంట్రోల్ పెట్టండి, లేదా రంగు పోసే ముందు సారాన్ని కడిగేయండి. సారం కరిగించడానికి డీఎంఎస్‌ఓ అనే ద్రావణి వాడితే అన్ని బావుల్లోనూ ఒకే మోతాదు, 0.1 శాతం దగ్గరే ఉంచండి. మి.లీ.కి వంద మైక్రోగ్రాములు దాటితే గానీ పనిచేయని సారం గురించి గొప్పగా రాయకండి.

వాపు తెప్పించే కరాజీనన్ అనే పదార్థంతో ఎలుక పాదం వాపు పరీక్ష 1962 నుంచి వాడుకలో ఉంది. జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి, శిక్షణ పొందిన మనిషి లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. పై మెట్లలో గట్టి రిజల్టు రాని సారం కోసం జంతువుల్ని వాడడం సమంజసం కూడా కాదు.

9. రాసేటప్పుడు

ట్యూబులో చూసింది ట్యూబు గురించే రాయండి. "ఈ సారం డీపీపీహెచ్‌ను ఇంత గాఢతలో సగం అణచింది" అనేది రిజల్టు. "ఈ మొక్క కీళ్లవాతాన్ని తగ్గిస్తుంది" అనేది మీరు చేయని ప్రయోగం.

పసుపులోని కర్‌క్యుమిన్ కథ దీనికి మంచి ఉదాహరణ. ట్యూబుల్లో, కణాల్లో దానికి ఎన్నో గుణాలు కనిపించాయి. కానీ నోటి ద్వారా తీసుకుంటే అది రక్తంలోకి చేరేది బహు స్వల్పం. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో మనుషులకు 2 గ్రాముల కర్‌క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దొరకనంత తక్కువగా ఉంది. మిరియాల్లోని పిపరిన్ 20 మిల్లీగ్రాములు తోడు చేస్తే గానీ చెప్పుకోదగ్గంత కనిపించలేదు. 2017లో ఔషధ రసాయనశాస్త్ర నిపుణులు ఇంకో సంగతి ఎత్తిచూపారు: కర్‌క్యుమిన్ అణువు అస్థిరమైనది, పరీక్షల్లోని కొలతల్నే తికమకపెట్టి లేని గుణాన్ని చూపించగలదు. పసుపు రంగు సారాలతో పనిచేసేవాళ్లకు శాంపిల్ బ్లాంక్ గురించి అంతగా చెప్పింది ఇందుకే.

యాంటీఆక్సిడెంట్ అంటే మంచే చేస్తుందన్న ధీమా కూడా వద్దు. ఫిన్‌లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు రోజూ 20 మిల్లీగ్రాముల బీటా-కెరోటిన్ ఇచ్చి చూసిన పెద్ద ట్రయల్ 1994లో ఫలితాలు ప్రకటించింది. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ స్కోర్లతో నడిపిన ఒరాక్ పట్టికను 2012లో తీసేసింది. ఆ అంకెలకూ ఆరోగ్యానికీ పొంతన లేదని, వాటిని ప్రకటనల్లో దుర్వినియోగం చేస్తున్నారని కారణం చెప్పింది.

రిపోర్టులో తప్పక ఉండాల్సినవి: హెర్బేరియం నంబరు, సారం శాతం, ట్యూబులో డీపీపీహెచ్ చివరి గాఢత, సారం చివరి గాఢత, బ్లాంక్ తీసిన తీరు, విటమిన్-సి ఐసీ50, ఎన్నిసార్లు విడిగా సారం తీశారన్నది. శాతాలతో పాటు అసలు రీడింగుల పట్టిక అనుబంధంలో పెట్టండి. మిగిలిన సారాన్ని పారేయకండి. మొక్క పేరు, ద్రావణి, తేదీ రాసిన లేబుల్ అంటించి, వైవా అయ్యేదాకా మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచండి. ఎగ్జామినర్ ఒక అంకెను అనుమానిస్తే మళ్లీ చేసి చూపించడానికి మీ దగ్గర మిగిలేది అదొక్కటే.